రన్నరు ఓబుళేసు నడుము

నడుము పట్టుకున్నవాడికి తప్ప నేనొక మనిషిని ఉన్నానని మా దిక్కున ఎవరికీ గుర్తుండేది కాదు. నేను తల్లి కడుపులోంచి ఎదురుకాళ్ళతో వచ్చినదాన్ని. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుం నొప్పి పోతుందని మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో నమ్మకం. నొప్పి పట్టినవాడు మా గడప ముందు బోర్లా పడుకోవాలి. నేను ఎడమకాలితో అతని నడుం మీద మూడుసార్లు తొక్కాలి. తర్వాత అతను లేచి, నాకు ఏమీ ఇవ్వకుండా, ఒక మంచిమాట కూడా చెప్పకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. చూశాడా, పోయిన నొప్పి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

దీనివల్ల ఏమైందంటే, ఊళ్ళోవాళ్ళ మొహాలకంటే వీపులే నాకు బాగా తెలుసు. పెద్దరెడ్డి నడుం మీద రేగుపండంత పుట్టుమచ్చ ఉందని ఆయన పెళ్ళానికి తెలుసో లేదో గానీ నాకు తెలుసు. అదే పెద్దరెడ్డి పొలానికి పోతూ నేను ఎదురైతే తలగుడ్డ సర్దుకుంటున్నట్టు మొహం పక్కకు తిప్పుకునేవాడు. పుడుతూనే తల్లిని మింగినదాన్ని కదా. నన్నైనా బతికించుకోవాలని పెంటతిప్పలో దొర్లించి తిప్పమ్మ అని పేరు పెట్టారు. ఎదురొస్తే చెడ్డది, నడుం తొక్కితే మంచిది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదిరాయని నేను ఎవరినీ అడగలేదు. అడిగితే తొక్కించుకోవడానికి కూడా రారేమోనని భయం.

గంజి కేంద్రాలు పెట్టిన ఏడాది సంగతి ఇది. అప్పటికే వానలు మొహం చాటేసి చాలాకాలమైంది. శెనక్కాయ చెట్లు ఊడ దిగి కాయ పట్టకుండానే ఎండిపోయాయి. శివరాత్రి అయిపోగానే మా అన్న ఎర్రిస్వామి పెళ్ళాం పిల్లలతో తుంగభద్ర కాలువ పనులకు పోవాలని నిశ్చయం చేసుకున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళకు అప్పటికే తాళాలు పడ్డాయి. తాళం లేనివాళ్ళు వాకిలికి తుమ్మకంప అడ్డం పెట్టి పోయారు.

నేను కూడా నా చీరలు మూటగట్టుకున్నాను. వదిన ఆంజినమ్మ ఆ మూటను చూసి మా అన్న వైపు చూసింది.

"మే తిప్పా, నువ్వు ఈడనే ఉండు," అన్నాడు అన్న. "ముసలావు ఉండాది, ఇల్లుండాది. అందరమూ పోతే ఎట్ల?"

"ఆవును పిన్నమ్మోళ్ళకు అప్పజెప్పి పోదాం."

"వాళ్ళూ పోతాండారు."

అసలు మాట వదినే చెప్పేసింది. ఆమె ఎప్పుడూ అంతే, మనసులో ఏదీ దాచుకోదు. "మేస్త్రీ గుంపులో అందరూ మనూరోళ్ళే తిప్పమ్మా. నువ్వొస్తే గొణుగుతారు. యాడన్నా గట్టు కూలినా, ఎవురికన్నా దెబ్బ తగిలినా నీ మిందికే తోస్తారు. నాకెందుకు ఆ మాటలు పడేకి? వాన పడితే వచ్చేస్తాం గదా."

బండి కట్టేటప్పుడు నన్ను కాసేపు లోపలే ఉండమంది. దూరం పోతున్నారు కాబట్టి నేను ఎదురు రాకూడదు. నేను ధాన్యం లేని గాదె పక్కన నిలబడి, బండి చక్రాల చప్పుడు వంక దాటేవరకు విన్నాను. బయటికి వచ్చేసరికి దావమీద దుమ్ము కూడా సర్దుకుంది. అప్పుడు ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే చూసేవాళ్ళు లేరు కాబట్టి బాగా గట్టిగానే ఏడ్చాను.

మా ఇల్లు ఊరికి ఎడంగా, మడకశిర దావ పక్కన ఉండేది. పొద్దున్నే కుండలు తీసుకుని చెలమ దగ్గరకు పోవడం, నీళ్ళూరేదాకా కూర్చోవడం, ఆవుకు ఇన్ని ఎండుటాకులు వేయడం, గిన్నె పట్టుకుని గంజి కేంద్రానికి నడవడం. గంజి పోసేవాళ్ళు పరాయి ఊరివాళ్ళు కాబట్టి నా సంగతి తెలియక నా మొహంలోకి చూసి మరీ పోసేవాళ్ళు. అందుకే నాకు ఆ గంజి రుచిగా ఉండేది. మిగతా పొద్దంతా మాట్లాడటానికి ఆవు ఒక్కటే, దానికి చెవుడు.

ఇక ఉన్నదల్లా ఓబుళేసు గజ్జెల చప్పుడు. ఓబుళేసు టపా రన్నరు. హిందూపురం బస్సులో మడకశిరకు వచ్చిన టపా సంచిని భుజాన వేసుకుని గుట్టల అవతలి ఊళ్ళకు పరిగెత్తుకుంటూ మోసుకుపోయేవాడు. సాయంత్రం అటునుంచి వచ్చే సంచితో మళ్ళీ ఇదే దావన పరుగు. చేతిలో గజ్జెలు కట్టిన కర్ర. అడుగు పడినప్పుడల్లా ఆ గజ్జెలు ఘల్లుమనేవి. పాములు పక్కకు పోవడానికి, మనుషులు దావ ఇవ్వడానికి సర్కారువాళ్ళు ఇచ్చిన కర్ర అది. అన్నావాళ్ళు పోయాక ఆ గజ్జెలను బట్టే నాకు పొద్దు తెలిసేది.

ఒక సాయంత్రం గజ్జెలు వంతు తప్పి మోగాయి. ఒకసారి మోగి, ఆగి, మళ్ళీ మోగి. బయటికి వచ్చి చూస్తే ఓబుళేసు కర్ర ఊతగా పట్టుకుని, ఒక పక్కకు ఒరిగిపోయి వస్తున్నాడు. నలభై దాటిన మనిషి, ఎండకు నల్లబడి ఎండుకట్టెలా ఉండేవాడు. అంతకు ముందు ఎప్పుడూ మా గడప దగ్గర ఆగలేదు.

"తిప్పమ్మా, నడుం పట్టుకున్యాదమ్మా," అన్నాడు. "కూసుంటే లేసేకి కాదు, లేస్తే వంగేకి కాదు. రోంత తొక్కు."

సంచిని ముందు అరుగు మీద జాగ్రత్తగా పెట్టి, దానికి దణ్ణం పెట్టి, అప్పుడు పడుకున్నాడు. నేను గోడ పట్టుకుని ఎడమకాలు మోపాను. ఎన్నో నడుములు తొక్కినదాన్ని గానీ అలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఎడమపక్క మామూలుగా ఉంది. కుడిపక్క వెన్నెముకను ఆనుకుని కండంతా మోకు పేనినట్టు గట్టిపడి ఉంది.

"ఇది ఈరోజు పట్టింది కాదన్నా."

"శానా దినాల్నుంచి ఉండాదిలే. మా హనుమంతమ్మ వేడి ఇటుక పెట్టి కాపడం పెడ్తాది, తెల్లారేసరికి తగ్గుతాది. మళ్ళా పరిగెత్తితే వస్తాది."

హనుమంతమ్మ ఆయన భార్య. మూడుసార్లు తొక్కాను. లేచి నడుం అటూ ఇటూ తిప్పి చూసుకుని, సంచి ఎత్తుకుని, కట్టుబాటు ప్రకారం తిరిగి చూడకుండా పోయాడు. గజ్జెలు సరిగ్గానే మోగాయి.

నాలుగు రోజులు కాకముందే మళ్ళీ వచ్చాడు. తర్వాత రెండు రోజులకే వచ్చాడు. "నీ కాలు మంచిదేనమ్మా, నా నడుమే చెడ్డది," అనేవాడు. వచ్చినప్పుడల్లా తొక్కడానికి ముందు కాసేపు కూర్చుని, మడకశిరలో విన్న సంగతులు చెప్పేవాడు. ఎక్కడ బావి తవ్వడానికి మిలిటరీవాళ్ళు దిగారో, ఏ ఊళ్ళో గొర్రెలు మేత లేక చచ్చిపోయాయో, బస్సులో కన్నడం మాట్లాడే ముసలామె కండక్టరును ఎలా తిట్టిందో. ఆ ముసలామె తిట్లు కన్నడంలోనే చెప్పి నవ్వించేవాడు. చెప్పేది తొక్కడానికి ముందే చెప్పాలి. తొక్కిన తర్వాత మాట్లాడకూడదు కదా. అందుకని నేను కాళ్ళు కడుక్కోవాలని, గడప ఊడవాలని ఏదో ఒక వంక పెట్టి ఆలస్యం చేసేదాన్ని.

ఉన్న మాట చెప్పాలంటే, ఆయన నడుం నొప్పి మళ్ళీ వచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. మరుక్షణం నన్ను నేను తిట్టుకునేదాన్ని. గజ్జెలు వంతు తప్పి వినబడితే చాలు, లేచి జుట్టు ముడి వేసుకునేదాన్ని. నడుం మంచిగా ఉన్న రోజున ఆయన చెయ్యి ఊపి పరిగెత్తుకుంటూ పోయేవాడు, నేను ఆవుతో మాట్లాడుకునేదాన్ని.

ఉగాది వచ్చింది. బెల్లం లేదు, మామిడికాయ లేదు, వేపపూత మాత్రం ఎంత కావాలంటే అంత ఉంది. ఆ సాయంత్రం ఓబుళేసు మరీ వంగిపోయి వచ్చాడు. సంచి దించాడు గానీ పడుకోలేదు. అరుగు అంచున కూర్చుని నేలవైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏమన్నా, అట్లుండావు?"

"రెండు సంగతులమ్మా. ఒకటి నాది, ఒకటి నీది. నీది చెప్పాల్నా, నాది చెప్పాల్నా?"

"నీదే చెప్పు ముందు."

"మొన్న రెండుసార్లు టపా ఆలస్యంగా చేరె. ఇన్‌స్పెక్టరుకు ఎవురో చెప్పినారు. వచ్చే వారం సైకిలు మింద నా వెనకనే వస్తాడంట చూసేకి. యాడన్నా నిలిచిపోతే సంచి తీసి పడుచోని భుజాన యేస్తారు. మా నాయన మోసిన సంచి అది. అది పోతే నేనూ కాలువ దిక్కుకు పోవాల్సిందే. ఈ నడుముతో మన్ను మోసేకి నన్నెవరు పెట్టుకుంటారు?"

కడవలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఇంగ నీది. బస్‌స్టాండు కాడ మీ ఊరి కొండప్ప కనపడె. కాలువ కాడినుంచి వచ్చినాడు. మీ అన్నోళ్ళు ఆడనే గుడిసె ఏసుకున్యారంట. నీళ్ళుండాయి, వరి నాట్లకు కూలి దొరుకుతాదని. వానలు పడినా రారంట." ఆగి, "నీకు చెప్పమని చెప్పలేదు. నేనే చెప్తాండా," అన్నాడు.

నేను పోయి ఆవు దగ్గర నిలబడ్డాను. ఆవు నా చెయ్యి నాకింది. కొంతసేపటికి తిరిగి వచ్చి, "పండుకో అన్నా," అన్నాను.

కాలు మోపి నిలబడ్డాను గానీ తొక్కలేదు. కుడిపక్క అదే మోకు. ఎందుకు కుడిపక్కే అని నేను అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. ఒకరోజు ఇంటివెనక రాతిగుండు ఎక్కి, ఆయన వంక దాటి కనబడకుండా పోయేదాకా ఆయన పరుగు చూశాను. సంచి ఎప్పుడూ కుడి భుజానే. దాని బరువు కుడివైపు లాగుతుంటే, పడిపోకుండా నడుం ఎడమవైపు గుంజుకుంటూ పరిగెత్తేవాడు. గజ్జెలు బాగా మోగాలని మడమలు నేలకేసి కొట్టేవాడు. నీళ్ళ కడవ మోసే ఆడదానికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు, ఒక చంక నొస్తే ఇంకో చంకకు మారుస్తుంది. ఈయన ఎందుకు మార్చడో నాకు అర్థం కాలేదు.

ఒకటి మాత్రం బాగా అర్థమైంది. చెప్పానంటే ఆయన నడుం బాగవుతుంది. బాగైతే మా గడప దగ్గర ఆగడు. చెప్పకుంటే సంచే పోతుంది, గజ్జెలే ఉండవు. ఆగకుండా పోయినా గజ్జెలైనా రెండు పూటలా వినబడతాయి కదా అనుకున్నాను. అంతకంటే ఎక్కువ అడిగే అలవాటు నాకు లేదు.

"సంచి భుజం మార్చన్నా," అన్నాను.

"యాడికి మార్చేది?"

"ఎడమ భుజానికి. చింతతోపు దాంక కుడి, వంక దాంక ఎడమ, మళ్ళా కుడి."

ఓబుళేసు నా కాలి కింద నుంచి జరిగి లేచి కూర్చున్నాడు. "ఏం మాటమ్మా అది? టపా అంటే ఏమనుకుంటివి? సర్కారు సొత్తు. దాంట్లో జనాల మంచీ చెడ్డా అంతా ఉంటాది. దాన్ని ఎడమ భుజాన యేసుకుంటారా ఎవురన్నా? మా నాయన బతికినన్నాళ్ళూ కుడి భుజానే మోసినాడు. నా చేతికి సంచి ఇచ్చేటప్పుడు కూడా ఆ మాట తీసుకునే ఇచ్చినాడు."

"మీ నాయన నడుం ఎట్లుండె?"

ఆయన గజ్జెల కర్రను ఒళ్ళో పెట్టుకుని ఒక గజ్జెను వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒక పక్కకు వంగిపోయె," అన్నాడు చివరికి. "పాడె మింద చక్కగా పండుకోబెట్టేకి గూడా కాలేదు."

"మరి నా ఎడమకాలు తెచ్చి నీ నడుం మింద పెట్టించుకుంటాండావు. దానికి రాని తప్పు నీ ఎడమ భుజానికి వచ్చిందా?"

నోరు తెరిచి నావైపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే నడుం నొస్తుందని పక్క పట్టుకుని, అయినా ఆపుకోలేక నవ్వాడు. అంత నవ్వు మా ఇంటి ముందు విని ఎన్నాళ్ళయిందో.

ఆ రోజు నేను ఆయనకు నాకు తెలిసినవన్నీ చెప్పాను. మా నాయన బావుల్లో దిగి రాయి కొట్టే మనిషి. పొద్దున్నే లేవగానే బావిలోకి దిగేవాడు కాదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు రెండూ రొమ్ముకు హత్తుకుని కాసేపు అటూ ఇటూ దొర్లేవాడు. తర్వాత నాలుగడుగులు నడిచి, ఒళ్ళు వేడెక్కాక పలుగు పట్టేవాడు. ఓబుళేసేమో మడకశిర పోస్టాఫీసు అరుగు మీద బస్సు వచ్చేదాకా చలికి ముడుచుకుని పడుకుని, సంచి చేతికి రాగానే లేచి ఒకటే పరుగు. ముందు ఊరి చివర దాకా నడవమన్నాను, ఆ తర్వాత పరిగెత్తమన్నాను. మడమలు కొట్టవద్దన్నాను. రాతిదావ వదిలి వంకలో ఇసుక పక్కన పొమ్మన్నాను.

"గజ్జెలు మోగకుంటే?"

"పాములకు చెవులుండవులే."

తర్వాత లోపలికి పోయి పెట్టె తెరిచి మా నాయన తలగుడ్డ తీశాను. చేనేత గుడ్డ, ఎర్ర అంచు, పరిస్తే మా వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేంత పొడవు. బావిలోకి దిగేటప్పుడు నాయన దాన్ని తల మీద నుంచి తీసి నడుముకు దట్టీ బిగించుకునేవాడు. ఆయన పోయాక, అన్న కొడుకు పెళ్ళికి వాడి తలకు చుట్టాలని దాచాం. వాడి పెళ్ళి ఇక ఎక్కడ జరుగుతుందో, నన్ను పిలుస్తారో లేదో.

"చేతులు ఎత్తన్నా," అన్నాను. ఓబుళేసు చంటిపిల్లాడిలా చేతులు ఎత్తాడు. ఒక కొస ఆయన్ని పట్టుకోమని, నేను ఆయన చుట్టూ తిరుగుతూ బొడ్డు కింద నుంచి పక్కటెముకల దాకా మడత మీద మడత చుట్టి కొస దోపాను. "ఊపిరి ఆడతాందా?"

"ఆడతాంది. ఎవురో వెనకనుంచి పట్టుకున్నట్టుండాది," అన్నాడు.

ఆ రోజు తొక్కలేదు. నడుముకు నా కాలు తగలలేదు కాబట్టి ఆయన మాట్లాడుతూనే పోయాడు, కానీ అలవాటుకొద్దీ తిరిగి మాత్రం చూడలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు నేను చెలమకు కూడా పోకుండా ఇంటివెనక గుండు ఎక్కి కూర్చున్నాను. పొద్దు బాగా ఎక్కాక చింతతోపు దగ్గర గజ్జెలు వినబడ్డాయి. తేలిగ్గా, వంతు తప్పకుండా మోగుతున్నాయి. ఓబుళేసు తోపు దాటుతూనే సంచిని కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చుకోవడం చూశాను. మార్చేముందు దాన్ని కళ్ళకద్దుకున్నాడు, వాళ్ళ నాయనకు ఏమి చెప్పుకున్నాడో. నడుముకు ఎర్ర అంచు దట్టీ. నిటారుగా, దాపటికీ వలపటికీ ఏ పక్కకూ ఒరగకుండా, మడమలు కొట్టకుండా మెత్తగా అడుగులు వేస్తూ మా ఇంటి ముందు నుంచి పోయాడు. ఆగలేదు, ఆగకూడదు కూడా. కర్రను మాత్రం ఒక్కసారి పైకెత్తి గట్టిగా ఆడించాడు. నేను గుండు మీద లేచి నిలబడి ఎగిరాను. ఆ వయసులో, ఆ ఎండలో.

ఇన్‌స్పెక్టరు చాలాసేపటికి వచ్చాడు. సైకిలుకు తుమ్మముల్లు దిగింది. తోసుకుంటూ, చొక్కా అంతా తడిసి, మా ఇంటి ముందు ఆగి నీళ్ళు అడిగాడు. గుంటూరో బెజవాడో, కిందివైపు మనిషి. నా సంగతి తెలియదు కాబట్టి నా మొహంలోకి చూస్తూనే మాట్లాడాడు.

"ఆ రన్నరు ఎంతసేపైందమ్మా ఇటు వెళ్ళి?"

"శానా సేపాయె సామీ. ఈపాటికి గుట్ట దాటింటాడు."

"నడుం పడిపోయింది, పనికిరాడు అని రాశారే నాకు! ఎప్పుడూ ఇలాగే పరిగెడతాడా?"

"యాడికన్నా పరిగెత్తుతాడు సామీ," అన్నాను. గర్వంగా ఉండింది నాకు. "ఆ నడుముకు ఏమీ కాలేదు. రాయి మాదిరి ఉండాది. ఎంత దూరమన్నా పోతాడు."

ఇన్‌స్పెక్టరు నీళ్ళు తాగి గ్లాసు అరుగు మీద పెట్టాడు. "అలాంటివాణ్ణి ఈ పొట్టి దారిలో ఉంచడం దండగ కదా," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "పెనుకొండ అవతల గుట్టల్లో మనిషి నిలవక చస్తున్నాం." టోపీ పెట్టుకుని సైకిలు తోసుకుంటూ పోయాడు.

నేను గ్లాసు తీసుకుని కడిగి బోర్లించాను.

ఆ తర్వాత ఎండాకాలం అంతా ఓబుళేసు నడుం ఆయన్ని పీడించలేదు. రెండు పూటలా గజ్జెలు వచ్చేవి, పోయేవి. పొద్దున ఎడమ భుజాన కనబడిన సంచి వంక దాటేసరికి కుడి భుజాన ఉండేది. మొదట్లో ఒకటి రెండుసార్లు నీళ్ళకని ఆగాడు. తర్వాత ఆలస్యమైతే మాట వస్తుందని ఆగడం మానేశాడు. చెయ్యి ఎత్తి, "బాగుండావా తిప్పమ్మా?" అని పరిగెత్తుతూనే అరిచేవాడు. నేను జవాబు చెప్పేలోపే వంకలో దిగిపోయేవాడు. అయినా జవాబు చెప్పేదాన్ని. నేను కోరుకున్నది అదే కదా, గజ్జెలు ఉంటే చాలని. చాలదని తర్వాత తెలిసింది. ఇంత ఒంటరితనం అన్నావాళ్ళు పోయిన రోజున కూడా లేదు. కొన్ని సాయంత్రాలు గజ్జెలు వంతు తప్పితే బాగుండునని చెవి పెట్టి వినేదాన్ని. అవి తప్పేవి కావు. ఆ తలగుడ్డ నేనే చుట్టాను, గట్టిగానే చుట్టాను.

మృగశిర కార్తె ముందు ఒక సాయంత్రం పడమట మబ్బు పట్టింది. వాన రాలేదు, గాలి మాత్రం తిరిగింది. ఆవు తల ఎత్తి వాసన చూస్తోంది. గజ్జెలు వచ్చి మా గడప ముందు ఆగాయి.

ఓబుళేసు సంచి దించి అరుగు మీద పెట్టి దణ్ణం పెట్టాడు. కూర్చోలేదు.

"పెనుకొండ అవతలికి మార్చినారమ్మా. బాగా పరిగెత్తుతాండానని. రేపట్నుంచి ఆడ. హనుమంతమ్మా పిల్లోళ్ళూ మూటలు కట్టుకున్యారు. ఈడికి పడుచోడు ఎవడో వస్తాడంట, ఎర్రన్న అని."

"మంచిదే గదన్నా," అన్నాను. "పోయి రా. సంచి నిలిచింది గదా."

"నిలిచింది." నేల చూపులు చూశాడు. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "ఈ పొద్దు రోంత పట్టుకున్యాదమ్మా. తొక్కుతావా?"

నేను కాళ్ళు కడుక్కున్నాను. గడప ఊడ్చాను. ఆయన దట్టీ విప్పి మడతపెట్టి నా చేతికి ఇవ్వబోయాడు. "మీ నాయనది. నీ కాడనే ఉండనీ," అన్నాడు.

"తొక్కించుకున్నోడు ఏమీ ఇయ్యగూడదు, తెలీదా?"

"ఇంగా తొక్కలేదు గదా."

"తొక్కబోతాండా గదా. పండుకో."

పడుకున్నాడు. గోడ పట్టుకుని ఎడమకాలు మోపాను. కుడిపక్క మెత్తగా ఉంది. ఎడమపక్క ఎలా ఉందో కుడిపక్కా అలాగే ఉంది. వెన్నెముక తిన్నగా ఉంది. ఎక్కడా ముడి లేదు, బిగువు లేదు. నొప్పి అన్నది లేని నడుం అది. నా కాలికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ సంగతి ఆయనకు కూడా తెలుసు.

ఒకసారి తొక్కాను, మెల్లగా. రెండోసారి ఇంకా మెల్లగా. మూడోసారి కాలు మోపి చాలాసేపు తీయలేదు. ఆయన కదలకుండా పడుకున్నాడు. ఆవు మెడగంట ఒకసారి మోగింది.

కాలు తీశాను. ఆయన లేచి మట్టి దులుపుకున్నాడు, దట్టీ బిగించుకున్నాడు, సంచిని కళ్ళకద్దుకుని ఎడమ భుజానికి వేసుకున్నాడు. మంచిమాట చెప్పకూడదు, చెప్పలేదు. ముందు మెల్లగా నడిచాడు, నేను నేర్పినట్టే. తర్వాత పరుగు అందుకున్నాడు. నేను గడప మీద నిలబడి ఆ వీపు చూస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోకీ ఆ వీపు నాకు బాగా తెలిసిన వీపు.

చింతతోపు దగ్గర గజ్జెలు ఆగాయి. ఓబుళేసు నిలబడి, మొత్తం మనిషి మొత్తంగా వెనక్కి తిరిగి, నావైపు చూశాడు. నొప్పి మళ్ళీ వస్తుందన్న భయం ఉన్నవాడు చూసే చూపు కాదది. అంత దూరం నుంచి కూడా నాకు ఆయన మొహం కనబడింది. నేను చెయ్యి ఎత్తలేదు, లోపలికీ పోలేదు. ఆయన చూసినంతసేపూ అలాగే నిలబడి చూపించుకున్నాను.

మళ్ళీ గజ్జెలు మొదలయ్యాయి, తోపు దాటాయి, మడకశిర వైపు తిరిగాయి. నా గడప ముందు పడుకుని లేచిపోయినవాళ్ళలో తిరిగి చూసినవాడు ఆయనొక్కడే. తర్వాత వచ్చిన ఎర్రన్న పడుచువాడు, నడుం నొప్పి అంటే ఏమిటో ఎరగడు.